కౌంటీ గడప: అమెరికన్ వైద్యసంఘంలో సభ్యత్వ నియమాల కథ

అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1906లో దేశంలోని వైద్యులందరి వివరాలతో ఒక డైరెక్టరీని మొదటిసారిగా అచ్చువేసింది. ఏ ఊళ్ళో ఎవరు వైద్యం చేస్తున్నారు, ఏ కళాశాలలో ఏ సంవత్సరం పట్టా పుచ్చుకున్నారు వంటి వివరాలు అందులో వరుసగా ఉంటాయి. అయితే నల్లజాతి వైద్యుల పేర్ల పక్కన మరొక గుర్తు కూడా ఉండేది. సి, ఓ, ఎల్ అనే మూడక్షరాలు, వాటి తరువాత ఒక చుక్క. 'కలర్డ్' అనే మాటకి అది సంక్షేపం. మిగిలినవారికి అటువంటి గుర్తేదీ అవసరం లేకపోయింది. ఈ గుర్తును తీసివేయడానికి సంఘం ఒప్పుకున్నది 1939లో.

ఇందులో విచిత్రమేమిటంటే, ఆ సంఘపు జాతీయ నియమావళిలో నల్లజాతివారిని చేర్చుకోరాదన్న వాక్యం ఎన్నడూ లేదు. నియమావళిని మాత్రమే చదివి చరిత్ర రాసేవారికి అక్కడ వివక్ష కనిపించదు. అయినా దాదాపు నూరేళ్ళపాటు దక్షిణాది రాష్ట్రాలలో నల్లజాతి వైద్యులకు ఆ సంఘంలో చోటు లేదు. రాయని నియమం అంతకాలం ఎలా అమలయింది? సమాధానం సభ్యత్వమనే యంత్రాంగంలోనే ఉంది. ఏటా రుసుము కట్టి, వచ్చిన పత్రికను తిరగేసి పక్కన పెట్టే మన వైద్యమిత్రులకు ఈ కథ కొంత ఆశ్చర్యం కలిగించవచ్చు.

సంఘం పుట్టుక నుండి మొదలు పెట్టాలి. 1840ల నాటి అమెరికాలో వైద్యుడు కావడం అంత కష్టమేమీ కాదు. లైసెన్సు చట్టాలను చాలా రాష్ట్రాలు రద్దు చేసుకుంటూ వస్తున్నాయి. లాభాపేక్షతో నడిచే కళాశాలలు రెండు శీతకాలాల ఉపన్యాసాలతో పట్టాలు ఇస్తున్నాయి. హోమియోపతి వైద్యులు, మూలికా వైద్యులు రోగులను తమవైపు తిప్పుకుంటున్నారు. ఈ పరిస్థితిలో నేథన్ స్మిత్ డేవిస్ అనే యువవైద్యుడు 1845లో న్యూయార్క్ రాష్ట్ర వైద్యసంఘంలో ఒక ప్రతిపాదన చేశాడు. దాని ఫలితంగా 1847 మే నెలలో ఫిలడెల్ఫియాలో జాతీయ సంఘం ఏర్పడింది. నథానియెల్ చాప్‌మన్ తొలి అధ్యక్షుడయ్యాడు. మాంచెస్టర్ వైద్యుడు థామస్ పెర్సివల్ 1803లో ప్రకటించిన వైద్యనీతి గ్రంథాన్ని ఆధారం చేసుకొని ఒక నీతినియమావళిని కూడా అక్కడే ఆమోదించారు.

ఈ నియమావళిలో మన కథకి కావలసిన అంశం ఒకటుంది. రోగి క్లిష్టస్థితిలో ఉన్నప్పుడు మరొక వైద్యుణ్ణి సంప్రదించడం అప్పటి వృత్తిధర్మంలో ముఖ్యమైన భాగం. అయితే ఏదో ఒక ప్రత్యేక సిద్ధాంతాన్ని మాత్రమే పట్టుకొని వైద్యం చేసేవారితో సంప్రదింపులు కూడదని నియమావళి అంది. గురి హోమియోపతి వైద్యుల మీద. సంఘంలోనివాడు, సంఘం వెలుపలివాడు అనే గీత ఆ విధంగా రోగి మంచం దగ్గరకు వచ్చింది. సభ్యత్వం కేవలం గౌరవచిహ్నమైతే అది లేకపోయినా బతకవచ్చు. తోటి వైద్యులెవ్వరూ నీతో మాట్లాడరాదన్న నియమంతో అది ముడిపడితే, సభ్యత్వం లేనివాడికి వృత్తి సగమే మిగులుతుంది.

ఇంకొక సంగతి. తొలినాళ్ళలో జాతీయ సంఘంలో వ్యక్తులు నేరుగా చేరేవారు కాదు. స్థానిక వైద్యసంఘాలు, వైద్యకళాశాలలు, ఆసుపత్రులు తమ ప్రతినిధులను పంపేవి. వార్షిక సమావేశంలో ఆ ప్రతినిధుల అర్హతపత్రాలను పరిశీలించి లోపలికి అనుమతించేవారు. కాబట్టి ఎవరు లోపల, ఎవరు వెలుపల అన్నది ఏటా తలుపు దగ్గర తేలవలసిన విషయం. 1870లో వాషింగ్టన్‌లో తేలింది కూడా అక్కడే.

అలెగ్జాండర్ ఆగస్టా 1825లో వర్జీనియా రాష్ట్రంలోని నార్ఫోక్‌లో స్వతంత్రుడిగానే పుట్టాడు. అమెరికాలో వైద్యవిద్యకు అవకాశం దొరకక టొరాంటో వెళ్ళి, అక్కడి ట్రినిటీ వైద్యకళాశాలలో 1856లో పట్టా పొందాడు. అంతర్యుద్ధంలో 1863లో మేజర్ హోదాతో సైనిక శస్త్రవైద్యుడయ్యాడు. తన కింద పనిచేయవలసిన తెల్లజాతి వైద్యులు, ఒక నల్లవాడి ఆజ్ఞలకు లోబడి ఉండడం తమకు అవమానమని లింకన్‌కి లేఖ రాశారు. అతణ్ణి అక్కడినుండి బదిలీ చేశారు. మేజర్ హోదాలో ఉన్న మనిషికి కొంతకాలం సాధారణ నల్లజాతి సిపాయికిచ్చే నెలకు 7 డాలర్ల జీతమే లెక్కగట్టారు. యుద్ధం ముగిశాక 1868లో హవర్డ్ విశ్వవిద్యాలయంలో వైద్యవిభాగం ప్రారంభమైనప్పుడు అతను అధ్యాపకుడిగా చేరాడు. అమెరికన్ వైద్యకళాశాలలో పాఠం చెప్పిన తొలి నల్లజాతి ఆచార్యుడు ఇతనే.

వాషింగ్టన్ నగరంలో వైద్యం చేయడానికి లైసెన్సు ఇచ్చే అధికారం అక్కడి వైద్యసంఘానికే ఉండేది. డిస్ట్రిక్ట్ ఆఫ్ కొలంబియా వైద్యసంఘానికి 1819లో కాంగ్రెస్ ఇచ్చిన శాసనం అది. ఆగస్టాకూ, అతని సహాధ్యాపకుడు చార్లెస్ పర్విస్‌కూ, అల్ఫియస్ టక్కర్ అనే మరొక నల్లజాతి వైద్యుడికీ అర్హతలున్నాయని సంఘం అంగీకరించింది, లైసెన్సులిచ్చింది. 1869లో ఈ ముగ్గురి పేర్లూ సభ్యత్వానికి ప్రతిపాదించినప్పుడు మాత్రం ఓటింగులో తిరస్కరించింది. అర్హత ఉంది, అనుమతి ఉంది, చేరిక మాత్రం లేదు. సభ్యులు కానివారితో సభ్యులు రోగుల విషయం సంప్రదించరాదన్న నియమం ఈ సంఘానికీ ఉంది. ఫలితం ఊహించవచ్చు.

మసాచుసెట్స్ సెనేటర్ చార్లెస్ సమ్నర్ ఈ విషయాన్ని సెనేట్‌లో ప్రస్తావించాడు. ప్రభుత్వం ఇచ్చిన అధికారపత్రంతో నడిచే సంఘం రంగునుబట్టి మనుషులను తోసిపుచ్చరాదనీ, ఆ పత్రాన్ని రద్దు చేయాలనీ వాదించాడు. రద్దు కాలేదు. 1870 జనవరిలో ఆ వైద్యులూ, వారితో ఏకీభవించిన తెల్లజాతి వైద్యులూ కలిసి నేషనల్ మెడికల్ సొసైటీ అనే కొత్త సంఘం పెట్టుకున్నారు. అందులో ఎవరైనా చేరవచ్చు. ఆ సంవత్సరం మే నెలలో జాతీయ సంఘపు వార్షిక సమావేశం వాషింగ్టన్‌లోనే జరిగింది. పాత సంఘమూ ప్రతినిధులను పంపింది, కొత్త సంఘమూ పంపింది.

వివాదం నీతిసంఘానికి వెళ్ళింది. అయిదుగురు సభ్యులు. అందులో ఒకరు జాతీయ సంఘ స్థాపకుడిగా పేరుపొందిన నేథన్ స్మిత్ డేవిస్. కొత్త సంఘం మీద వచ్చిన ఆరోపణలలో రంగు ప్రసక్తి లేదు. వాళ్ళు పాత సంఘపు అధికారపత్రాన్ని రద్దు చేయించడానికి అనుచితంగా ప్రయత్నించారన్నది ఒకటి. వాళ్ళలో కొందరికి లైసెన్సు లేదన్నది మరొకటి. చేర్చుకోని సంఘం మీద ఫిర్యాదు చేయడమే చేర్చుకోకపోవడానికి కారణమైంది. ముగ్గురు ఒకవైపు, ఇద్దరు మరొకవైపు నిలిచారు. అధిక సంఖ్యాకుల నివేదిక డేవిస్ పక్షానిది. అర్హులైన వైద్యులను రానివ్వాలన్న అల్పసంఖ్యాకుల నివేదిక ఆల్ఫ్రెడ్ స్టిల్లే పక్షానిది. సభ 114 – 82 ఓట్లతో మొదటి నివేదికను ఆమోదించింది.

తరువాత జరిగింది ఇంకా ఆసక్తికరం. అర్హత పత్రాలు సక్రమంగా ఉన్న ఎవరినీ జాతి, వర్ణాల కారణంగా మినహాయించరాదని మసాచుసెట్స్ ప్రతినిధి ఒకరు తీర్మానం పెట్టారు. 106 – 60 ఓట్లతో దాన్ని పక్కన పెట్టేశారు. ఆపైన మరొక తీర్మానం వచ్చింది. ఈ నిర్ణయంతో జాతికీ, వర్ణానికీ ఎటువంటి సంబంధమూ లేదన్నది దాని సారాంశం. అది 112 – 34తో నెగ్గింది. వర్ణవివక్ష వద్దన్న తీర్మానాన్ని ఓడించిన సభే తనలో వర్ణవివక్ష లేదని తీర్మానించుకుంది. ఈ మూడు ఓట్ల లెక్కలనూ వరుసగా చదివినవారికి వేరే వ్యాఖ్యానం అక్కరలేదు.

డేవిస్‌ను కేవలం ద్వేషిగా చిత్రించి ఊరుకుంటే చరిత్ర సులువవుతుంది గాని సమగ్రం కాదు. యుద్ధం ముగిసి అయిదేళ్ళే అయింది. విడిపోయిన దక్షిణాది వైద్యులు తిరిగి సంఘంలోకి వస్తున్నారు. అంతకుముందు ఏడాది సమావేశం న్యూ ఆర్లియన్స్‌లో జరిగింది. ఉత్తర దక్షిణాల ఐక్యత సంఘానికి ప్రాణసమానమని నాయకులు భావించారు. ఆ ఐక్యతకు చెల్లించిన మూల్యం తమది కాదు గనక అంత భారమనిపించలేదు. నా దృష్టిలో 1870 నాటి ఓటింగుకన్న ముఖ్యమైనది నాలుగేళ్ళ తరువాత వచ్చిన మార్పు. ఏటేటా ఇటువంటి తగవులు జాతీయ వేదిక మీదకు రాకుండా, 1874లో ప్రాతినిధ్యాన్ని రాష్ట్ర సంఘాలకు పరిమితం చేశారు. ఏ స్థానిక సంఘాన్ని గుర్తించాలో, దేన్ని గుర్తించకూడదో ఇకమీదట ఆ రాష్ట్రమే చూసుకుంటుంది. జాతీయ సంఘానికి చేతులు కడుక్కొనే వీలు దొరికింది.

ఇదే ఏర్పాటు మరొకరికి తలుపు తీసింది కూడా. 1876లో ఇలినాయ్ రాష్ట్ర సంఘం సేరా హాకెట్ స్టీవెన్సన్ అనే వైద్యురాలిని తన ప్రతినిధిగా పంపింది. స్త్రీలను చేర్చుకోవాలా వద్దా అని అంతకుముందు ఎన్నో చర్చలు జరిగాయి. కాని రాష్ట్రం పంపిన ప్రతినిధి కనుక ఆమెకు చోటు దొరికింది. స్థానిక స్వేచ్ఛ అనేది రెండంచుల కత్తి. అయితే జార్జియాలోనో మిసిసిపీలోనో ఉన్న నల్లజాతి వైద్యుడికి దాని ఒక అంచు మాత్రమే తగిలింది.

1895లో అట్లాంటాలో కాటన్ స్టేట్స్ ప్రదర్శన జరుగుతున్న రోజులలో నల్లజాతి వైద్యులు కొందరు సమావేశమై తమకొక జాతీయ సంఘాన్ని ఏర్పరచుకున్నారు. నాష్‌విల్‌కి చెందిన రాబర్ట్ బాయిడ్ అధ్యక్షుడు. గుండె శస్త్రచికిత్సలో తొలితరం వైద్యుడిగా పేరొందిన డేనియల్ హేల్ విలియమ్స్ ఉపాధ్యక్షుడు. మొదట్లో దంతవైద్యులనూ ఫార్మసిస్టులనూ కూడా కలుపుకొన్న పేరుతో ఉన్న ఆ సంఘమే తరువాత నేషనల్ మెడికల్ అసోసియేషన్‌గా స్థిరపడింది. దాని సభ్యత్వానికి రంగు అడ్డు కాదు. చేర్చుకోనివారి మీద కోపంతో తామూ తలుపు వేసుకోవడం వారికి సాధ్యమే, కాని వారు ఆ పని చేయలేదు.

1901లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ తన నిర్మాణాన్ని పూర్తిగా మార్చుకుంది. ఇప్పుడు మనకు తెలిసిన ప్రతినిధుల సభ అప్పటిదే. కొత్త పద్ధతిలో కౌంటీ సంఘంలో సభ్యుడైనవాడే రాష్ట్ర సంఘంలో సభ్యుడు, రాష్ట్ర సంఘంలో ఉన్నవాడే జాతీయ సంఘానికి అర్హుడు. 1900లో సుమారు 8 వేలున్న సభ్యులు 1910 నాటికి 70 వేలకు చేరుకున్నారు. సంఘం ఒక మహావృక్షమైంది. వేరు మాత్రం కౌంటీలో ఉంది. కౌంటీ గడప దాటనివాడికి రాష్ట్రమూ లేదు, దేశమూ లేదు.

ఆ గడప దాటకపోతే ఏం పోతుంది? చాలా ఆసుపత్రులు కౌంటీ సంఘంలో సభ్యత్వం ఉన్నవారికే రోగులను చేర్చుకొనే హక్కు ఇచ్చేవి. ఆ హక్కు లేని వైద్యుడు తన రోగిని ఆసుపత్రి మెట్లదాకా తీసుకువెళ్ళి, అక్కడ వేరొక వైద్యుడికి అప్పగించి వెనక్కి రావాలి. ప్రత్యేక వైద్యశాఖలలో శిక్షణకూ, గుర్తింపుకూ ఆసుపత్రి కావాలి, ఆసుపత్రికి సభ్యత్వం కావాలి. కొత్త పరిశోధనల గురించి విని నేర్చుకొనే సమావేశాలకూ అదే. ఇన్ని కట్టడుల తరువాత నల్లజాతి వైద్యులలో ప్రత్యేక నిపుణులు తక్కువగా ఉన్నారనీ, కనుక వారి స్థాయి తక్కువనీ అనడం తేలిక. కొందరు అన్నారు కూడా.

1910 నాటి ఫ్లెక్స్‌నర్ నివేదికను ఇక్కడ ఒక్క మాటతో సరిపెడతాను. అప్పటికి ఉన్న ఏడు నల్లజాతి వైద్యకళాశాలలలో హవర్డ్, మెహారీలు మాత్రమే నిలుపుకోదగ్గవని అది చెప్పింది; 1923 నాటికి నిజంగానే ఆ రెండే మిగిలాయి.

కౌంటీల మీద జాతీయ సంఘానికి అధికారం లేదన్న వాదన 1940ల చివరిదాకా సాగింది. న్యూయార్క్ నుండి పీటర్ మార్షల్ మరీ 1949లో ప్రతినిధుల సభలో తొలి నల్లజాతి సభ్యుడయ్యాడు. 1950లో జాతీయ సభ, వర్ణం ప్రాతిపదికగా సభ్యత్వాన్ని నిరోధిస్తున్న సంఘాలు ఆ విషయాన్ని పరిశీలించుకోవాలని కోరుతూ తీర్మానించింది. గమనించండి, కోరింది. ఆదేశించలేదు.

ఆ దశకంలో ఉత్తర కెరొలైనా రాష్ట్ర సంఘం కనిపెట్టిన ఉపాయం సభ్యత్వ నియమాల చరిత్రలోనే ఒక వింత. నల్లజాతి వైద్యులకు 'శాస్త్రీయ సభ్యత్వం' ఇస్తామన్నారు. అంటే పరిశోధన పత్రాలు చదివే సభలకు రావచ్చు. విందులకూ వేడుకలకూ రాకూడదు. జబ్బుల గురించి కలిసి మాట్లాడవచ్చు, కలిసి భోజనం చేయకూడదు. పంక్తిభేదం అన్న మాట ఎరిగిన మన తెలుగువారికి ఇందులో అర్థం కానిదేమీ లేదు. అక్కడి నల్లజాతి వైద్యుల సంఘం ఈ సగం సభ్యత్వాన్ని తిరస్కరించింది.

చివరికి గడపను కదిలించినవి తీర్మానాలు కావు. హవర్డ్‌లో శరీరనిర్మాణ శాస్త్రాచార్యుడు మాంటేగ్ కాబ్ 1957 నుండి 1963 దాకా ఏటా ఇమ్‌హోటెప్ సమావేశాల పేరుతో ఆసుపత్రులలో వర్ణవిభజనను తొలగించడం గురించి అందరినీ పిలిచి చర్చ పెట్టాడు. ప్రాచీన ఈజిప్టు వైద్యుడి పేరు అది. శాంతితో వచ్చేవాడని అర్థం. శాంతితో రమ్మని పిలిస్తే పెద్ద సంఘాలవారు అంతంతమాత్రంగానే వచ్చారు. 1963 జూన్‌లో అట్లాంటిక్ సిటీలో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ సమావేశం జరుగుతుంటే, బయట కొందరు వైద్యులు ప్లకార్డులు పట్టుకొని నిలబడ్డారు. వారిలో నల్లవారూ తెల్లవారూ ఉన్నారు. వైద్యులు తమ సంఘం ముందు తామే పికెటింగ్ చేయడం అప్పటికి ఎవరూ ఎరగని దృశ్యం.

అదే ఏడాది నవంబరులో న్యాయస్థానం కదిలింది. ఉత్తర కెరొలైనాలోని గ్రీన్స్‌బరోలో జార్జ్ సిమ్‌కిన్స్ అనే దంతవైద్యుడూ, మరికొందరు వైద్యులూ, రోగులూ కలిసి రెండు ఆసుపత్రుల మీద దావా వేశారు. ప్రభుత్వ ధనంతో కట్టుకున్న ఆసుపత్రులు తాము ప్రైవేటు సంస్థలమంటూ రంగునుబట్టి మనుషులను వేరు చేయడం చెల్లదని అప్పీలు కోర్టు 3 – 2 తేడాతో తీర్పు చెప్పింది. 1946 నాటి హిల్-బర్టన్ చట్టం 'విడివిడిగా, కాని సమానంగా' ఏర్పాట్లు చేసుకోవచ్చని ఇచ్చిన వెసులుబాటు దానితో పోయింది. ఆ తరువాత మెడికేర్ వచ్చింది. ఆ పథకాన్ని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ సర్వశక్తులూ ఒడ్డి వ్యతిరేకించింది, నేషనల్ మెడికల్ అసోసియేషన్ సమర్థించింది. పౌరహక్కుల చట్టాన్ని పాటించని ఆసుపత్రికి మెడికేర్ సొమ్ము రాదని ప్రభుత్వం చెప్పేసరికి, దశాబ్దాలుగా అసాధ్యమన్న పని 1966లో కొద్ది నెలలలో సాధ్యమైంది. ఆసుపత్రి ప్రవేశం సభ్యత్వానికి కట్టుబడి ఉన్నంతకాలమే కౌంటీ గడపకు విలువ. 1968లో జాతీయ సంఘం తన నిబంధనలను సవరించి, వర్ణవివక్ష పాటించే రాష్ట్ర సంఘాన్ని బహిష్కరించే అధికారాన్ని చేతిలోకి తీసుకుంది. తొంభై ఏళ్ళకు పైగా తనకు లేదని చెప్పుకున్న అధికారం అది.

ఆ 1968 సంవత్సరమే మనకూ ముఖ్యమైనది. 1965 నాటి వలసచట్టం పూర్తిగా అమలులోకి వచ్చి, దేశాలవారీ పాత కోటాలు రద్దయినది ఆ ఏడాది జూలై 1న. విశాఖపట్నం, గుంటూరు, హైదరాబాదు కళాశాలల పట్టభద్రులు వరుసగా ఈ దేశానికి రావడం ఆ తరువాతే. వారిలో చాలామందికి పని దొరికింది నగరాల నడిబొడ్డున ఉన్న పేద పేటల ఆసుపత్రులలోను, స్థానిక వైద్యులు వెళ్ళని పల్లెలలోను. తరచుగా అక్కడి రోగులు, చార్లెస్ పర్విస్ వంటివారిని లోపలికి రానివ్వని ఆసుపత్రులు తరతరాలుగా నిర్లక్ష్యం చేసినవారే. మన పెద్దలు కౌంటీ సంఘానికి దరఖాస్తు పెట్టుకున్నప్పుడు, ఆ దరఖాస్తును రంగు చూసి తిప్పి పంపే వీలు లేకుండా చేసిన పోరాటం వారికి ముందే ముగిసి ఉంది. ఆ విషయం మనలో ఎక్కువమందికి ఎవరూ చెప్పలేదు, మనమూ అడగలేదు.

గడపలన్నీ తొలగిపోయాయని కాదు. వైద్యుల కొరత తీరిపోయిందని 1976లో చట్టం చేసి విదేశీ వైద్యుల రాకను కట్టడి చేశారు. విదేశీ పట్టాలకు వేరే పరీక్షలు, వేరే లెక్కలు కొనసాగాయి. 1982లో భారతీయ వైద్యులు తమ సొంత జాతీయ సంఘాన్ని పెట్టుకోవడానికి ఇదొక కారణం. 1895లో అట్లాంటాలో కూర్చున్నవారి అనుభవంతో దీన్ని సమానం చేయడం న్యాయం కాదు. మనం వచ్చింది తలుపు తెరిచిన తరువాత. 2025 జూన్‌లో మిషిగన్‌లోని ఫ్లింట్‌కు చెందిన బాబీ ముక్కామల అమెరికన్ మెడికల్ అసోసియేషన్‌కు 180వ అధ్యక్షుడయ్యాడు. భారతీయ సంతతివారిలో ఆ పదవికి వచ్చిన మొదటివాడు. ఆ వార్తను మనం సంబరంగా పంచుకున్నాం, తప్పులేదు.

2005లో ఆ సంఘమే స్వతంత్ర చరిత్రకారుల బృందాన్ని పిలిచి తన పాత కాగితాలను తిరగేయించింది. వారి వ్యాసం 2008 జూలైలో సంఘం పత్రికలోనే వచ్చింది, దానితోపాటే సంఘం తరఫున క్షమాపణ కూడా. నేథన్ డేవిస్ పేరుతో ఇచ్చే పురస్కారానికి 2021లో పేరు మార్చారు.

డిస్ట్రిక్ట్ ఆఫ్ కొలంబియా వైద్యసంఘం తన తలుపును నల్లజాతి వైద్యులకు తెరిచింది 1952లో. ఆగస్టా 1890 డిసెంబరులో చనిపోయాడు. సైనిక లాంఛనాలతో ఆర్లింగ్టన్ శ్మశానంలో ఖననం చేశారు. నగరంలోని సంఘం చివరిదాకా ఆయనను తన సభ్యుడిగా ఒప్పుకోలేదు.